చేయని అప్పు మీ పేరున ఉంటే: అపోహలు, వాస్తవాలు

బ్యాంకులో రుణ దరఖాస్తులు పరిశీలించడం నా ఉద్యోగం. ఆ మధ్య ఒక టైలరు కొత్త మిషన్లు కొనడానికి అప్పు కోసం వచ్చారు. క్రెడిట్ రిపోర్టు, అంటే ఆయన అప్పుల, వాయిదాల చిట్టా తీస్తే, వాయిదాల మీద ఫోను కొని ఏడు నెలలుగా కట్టనట్టు ఉంది. పాన్ నంబరు, పుట్టిన తేదీ ఆయనవే. ఫోను నంబరు, చిరునామా మాత్రం ఎవరివో. "నేను అప్పే చేయలేదండీ" అన్నారు. నేను వెంటనే నమ్మలేదు. ఆ మాట మాకు రోజూ వినబడేదే.

అపోహ: నా దగ్గర ఏముంది, నా వివరాలతో ఎవరికేం పని?

అప్పు ఎగ్గొట్టిన మచ్చ లేని పేరుంటే చాలు, చిన్న రుణం పుడుతుంది. పైగా మీరు రిపోర్టు చూసుకోరు. సంగతి ఏళ్ల తరబడి బయటపడదు.

అపోహ: ఓటీపీ ఎవరికీ చెప్పకపోతే చాలు.

చాలదు. ఊళ్లో బ్యాంకు మిత్ర దగ్గర వేలు పెట్టి డబ్బు తీసుకుంటారే, అక్కడ ఓటీపీ అడగరు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే సరి. మరి వేలిముద్ర దొంగకెలా దొరుకుతుంది? పొలం రిజిస్ట్రేషన్ దస్తావేజులో ఉంటుంది కదా! 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ కార్డుల వ్యాపారిని పోలీసులు పట్టుకున్నారు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుంచి దస్తావేజులు దించుకుని, వాటిలోని ముద్రలను రబ్బరు స్టాంపుల్లా తయారుచేసి, వేలకొద్దీ సిమ్ములు యాక్టివేట్ చేశాడని కేసు.

దీనికి మందు ఎం-ఆధార్ యాప్‌లోని బయోమెట్రిక్ లాక్. చిక్కు ఒకటుంది: లాక్ వేస్తే రేషన్ దుకాణంలోనూ వేలిముద్ర పడదు. అక్కడే యాప్ తెరిచి తాత్కాలికంగా లాక్ తీసుకోవాలి. స్మార్ట్‌ఫోను లేని పింఛను అవ్వకు ఇది చెప్పి లాభం లేదు. ఆమె ఖాతాలో ఎక్కువ సొమ్ము నిలవ ఉంచవద్దని మాత్రం చెబుతాను.

అపోహ: ఆధార్ కాపీ అడిగితే నంబరంతా కనబడేలా ఇవ్వాలి.

లాడ్జీకీ, ఇంటి యజమానికీ చివరి 4 అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వవచ్చు. పూర్తి కాపీ ఇవ్వక తప్పకపోతే ఎవరికి, ఎందుకు, ఏ తేదీన ఇచ్చారో దాని మీద రాయండి. అంచున రాస్తే కత్తిరించేస్తారు, మధ్యలో రాయండి. జిరాక్సు దుకాణానికి వాట్సాప్‌లో పంపిన ఫైలు ఆ కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. పక్కన నిలబడి తీసేయించండి. మొహమాటం వద్దు.

అపోహ: నా పేరున నేను కొన్న సిమ్ములే ఉంటాయి.

కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో చూడండి. ఈ సౌకర్యం 2021లో మొదట మన రెండు రాష్ట్రాల్లోనే మొదలైంది. మీది కాని నంబరుంటే అక్కడే ఫిర్యాదు చేయవచ్చు.

అపోహ: రిపోర్టు చూసుకుంటే స్కోరు తగ్గుతుంది.

మీది మీరు చూసుకుంటే ఒక్క పాయింటూ తగ్గదు. ఈ రిపోర్టులు తయారుచేసే నాలుగు క్రెడిట్ సంస్థలూ ఏడాదికొకసారి ఉచితంగా పూర్తి రిపోర్టు ఇవ్వాలి. మూడు నెలలకొక సంస్థది తీసుకుంటే ఏడాదంతా కాపలా ఉన్నట్టే. మీది కాని అప్పు కనబడితే ఆ సంస్థకూ, అప్పిచ్చిన కంపెనీకీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. ఖాతాలో డబ్బే పోతే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి, తర్వాతే మా దగ్గరికి రండి. ఇతరుల గుర్తింపును దొంగిలించి వాడితే సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం సెక్షన్ 66సి కింద మూడేళ్ల దాకా జైలు.

టైలరు గారి రిపోర్టులోని ఆ అప్పు నెల తిరిగేసరికి తొలగిపోయింది. మళ్లీ దరఖాస్తు తెచ్చారు. ఆధార్ జిరాక్సు మీద మార్కర్‌తో "ఈ బ్యాంకు రుణానికి మాత్రమే" అని ఎంత లావుగా రాశారంటే, కింద నంబరే కనబడలేదు. ఇంకో కాపీ తెమ్మన్నాను.