దీమపు ఫైలు

ఒంగోలులో ఒక గ్రానైట్ ఎగుమతుల ఆఫీసులో లెక్కలు చూసే పాఠకుడు అడిగారు: "సార్, మేము పంపకముందే మా రేట్లు పోటీవాళ్ళకి తెలిసిపోతున్నాయి. యాంటీవైరస్ ఏమీ లేదంటోంది. బయటివాడెవడైనా దూరాడా, మాలోనే ఎవరైనా ఇస్తున్నారా?" వాళ్ళ సర్వర్ గది గుమ్మానికి నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ కట్టి ఉన్నాయట. కట్టినవాళ్ళ తెలివిని నేను తక్కువ చెయ్యను. దొంగ దృష్టి ఎటు పడుతుందో ముందే ఊహించి అక్కడ ఒక వస్తువు పెట్టాలన్నంతవరకు వాళ్ళ ఆలోచన సరైనదే. కాకపోతే దిష్టికి కట్టింది అందరికీ కనబడాలి. నేను చెప్పబోయేది మాత్రం కనబడినా అనుమానం రాకూడదు.

ఫైర్‌వాల్, పాస్‌వర్డ్‌ల పాఠం వదిలేస్తున్నాను. అది అందరూ చెప్పేదే.

ఉదయగిరి వైపు మెట్టల్లో నా చిన్నప్పుడు కౌజుపిట్టలు పట్టేవాళ్ళు. పెంచిన మగ కౌజును పంజరంలో పెట్టి తుప్పల మధ్య దించేవాళ్ళు, చుట్టూ ఉచ్చులు పన్ని చాటున కూర్చునేవాళ్ళు. లోపలి పిట్ట కూస్తే, ఆ చోటు తనదనుకునే మగపిట్ట పోట్లాటకి పరిగెత్తుకొచ్చి ఉచ్చులో కాలు పెట్టేది. ఆ ఎర పిట్టే దీమం. ఇప్పుడా వేట చట్టరీత్యా నేరం, పద్ధతి మాత్రం కంప్యూటర్లలోకి చేరింది.

తుప్ప కదిలిందంటే గాలి కావచ్చు, తొండ కావచ్చు. ఉచ్చు బిగిసిందంటే మాత్రం వచ్చింది కౌజే. ఈ తేడాని అంకెల్లో చూడండి. ఒక ఆఫీసులో రోజుకి లక్షసార్లు ఫైళ్ళు తెరుస్తారనుకుందాం, అందులో 10 సార్లు తెరిచింది దొంగ. నూటికి 99 సార్లు సరిగ్గా చెప్పే కాపలా ప్రోగ్రాం ఉందనుకున్నా, మిగతా ఒక శాతం తప్పుకే దాదాపు 1,000 అబద్ధపు అలారాలు మోగుతాయి. ఆ వెయ్యిలో పది నిజాలు ఎవరు ఏరుతారు? అదే, నిజాయితీగా పనిచేసే ఎవరికీ అవసరం లేని ఫైలొకటి పెట్టామనుకోండి. దాన్ని తెరవాల్సిన వాళ్ళ సంఖ్య సున్నా. ఒక్కసారి తెరిచినా వార్తే. కాలేజీల్లో ఇలాంటి ఎర ఫైలుని రెండు మార్కుల నిర్వచనంగా బట్టీ పట్టిస్తారు గానీ, ఈ సున్నా ఎంత విలువైనదో చెప్పరు.

దీనికి నాకిష్టమైన ఉదాహరణ 1986లో మొదలైంది. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల కంప్యూటర్ లెక్కల్లో 75 సెంట్లు తేడా వచ్చింది. క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆ ముప్పావు డాలరు వెంటపడితే ఎవరో చొరబడ్డారని తేలింది. వచ్చినవాడు సైనిక రహస్యాల కోసం వెతుకుతున్నాడు, కాసేపు ఉండి వెళ్ళిపోతున్నాడు. అతను వస్తున్న లైను జర్మనీది. అక్కడి టెలిఫోన్ ఎక్స్ఛేంజి పాతకాలంది, లైను జాడ మనుషులే దగ్గరుండి వెతకాలి. దానికి టైము కావాలి. అందుకని స్టోల్ 1987లో, అమెరికా క్షిపణి రక్షణ పథకం కాగితాలన్నట్టు కనిపించే బోలెడు దొంగ ఫైళ్ళు తయారుచేసి పెట్టాడు. ఆ రోజుల్లో లైన్ల వేగం సెకనుకి సుమారు 120 అక్షరాలు. లక్ష అక్షరాల ఫైలు పూర్తిగా చూడాలంటే 14 నిమిషాలు కూర్చోవాలి! దీమం కూస్తూనే ఉంది, పిట్ట కదల్లేదు, జాడ హానోవర్ నగరం దాకా వెళ్ళింది. మార్కుస్ హెస్ అనే ఆ మనిషి సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీకి సమాచారం అమ్మే ముఠాలో ఉన్నాడు. 1990లో కోర్టు దోషిగా తేల్చింది.

నాకు అంతకన్నా నచ్చింది ఇంకోటుంది. ఆ ఫైళ్ళలో "మరిన్ని కాగితాలు కావాలంటే పోస్టులో రాయండి" అని ఒక చిరునామా ఇచ్చారు. కొన్ని నెలలకి పిట్స్‌బర్గ్ నుంచి నిజంగానే ఉత్తరం వచ్చింది. ఆ చిరునామా దొంగ ఫైలు చదివినవాడికి తప్ప ఎవరికీ తెలిసే వీల్లేదు.

ఒంగోలు ఆఫీసుకి ఏం చెయ్యాలి? "రహస్యం", "పాస్‌వర్డ్‌లు" అని పేరు పెడితే దొంగ నవ్వుకుంటాడు. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ రేట్ల ఫైళ్ళ మధ్య అదే వరుసలో ఇంకో రేట్ల ఫైలుండాలి. దాన్ని ఎవరు ముట్టినా ఖాతా పేరు, టైము, ఏ కంప్యూటరో సర్వర్ రాసుకునే చిట్టాలో, అంటే లాగ్‌లో పడేలా సర్వర్‌లో ఆడిట్ ఆన్ చెయ్యాలి. కాపీ చేసి బయటికి పట్టుకుపోతే? ఫైల్లో కంటికి కనబడని చిన్న బొమ్మకి ఇంటర్నెట్ లింకు పెట్టొచ్చు. తెరవగానే వర్డ్ ఆ బొమ్మ కోసం మన సర్వర్‌ని అడుగుతుంది, అడిగిన కంప్యూటర్ ఇంటర్నెట్ నంబరు, అంటే ఐపీ చిరునామా, మనకి చిక్కుతుంది. అయితే ఇప్పటి వర్డ్ బయటి నుంచి వచ్చిన ఫైళ్ళని జాగ్రత్తగా తెరుస్తుంది, చాలాసార్లు ఆ బొమ్మ జోలికి పోదు. అసలు చిరునామా దాచే వీపీఎన్ వాడితే దొరికే చిరునామా కూడా అద్దెదే. అందుకే ఫైల్లో ఒక దొంగ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా రాసి ఉంచడం మంచిది. దాంతో ఎవరు లాగిన్ కాబోయినా గంట మోగుతుంది.

లోపలివాడైతే లెక్క వేరు. ఒక్కొక్కరికి ఒక్కో రకం కాపీ ఇవ్వండి. పది రేట్లు, ప్రతిదానికీ పైసల్లో రెండు రూపాలు: 40 పైసలు లేదా 45. పది రెండ్లని ఒకదానితో ఒకటి గుణిస్తే 1,024 వేర్వేరు కాపీలు. గుర్తు అంకెలోనే ఉంది కాబట్టి, దొంగ ఫోటో తీసినా చేత్తో ఎక్కించినా అది చెరగదు. ఇద్దరు కలిసి కాపీలు పోల్చుకుంటే మాత్రం తేడాలు బయటపడతాయి, దానికి ఇంకా పెద్ద గణితం కావాలి. వీటిలో ఏది చేసినా యజమాని రాతపూర్వక అనుమతితోనే. చొరబాటు తెలిసిన 6 గంటల్లోగా కేంద్రప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి తెలపాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. ఇది 2022 ఆదేశం.

ఒంగోలు పాఠకుడు ఫైలు పెట్టిన రాత్రే రెండు గంటలకి అలారం మోగిందట. ఒకటే టెన్షన్. చూస్తే బ్యాకప్ ప్రోగ్రాం, దానికి అన్ని ఫైళ్ళూ ఒకటే. దాన్ని మినహాయించమన్నాను. మళ్ళీ ఫోన్ చేసి, అలారం పనిచేస్తోందో లేదోనని రోజూ పొద్దున్నే తనే ఫైలు తెరిచి చూస్తున్నానన్నారు. లాగ్ నిండా ఇప్పుడు ఆయన పేరే.