కూర్మన్నపాలెం వైపు నుంచి కేంద్ర బడ్జెట్

ఏటా ఫిబ్రవరి 1న పార్లమెంటులో బడ్జెట్ ప్రసంగం అయిపోగానే విశాఖలో ముందుగా వెతికేది ఒక్కటే: స్టీల్‌ప్లాంటుకు ఎంత ఇచ్చారు? ఆదాయపన్ను శ్లాబుల సంగతి ఆ తర్వాతే. ద్రవ్యలోటు, మూలధన వ్యయం, వృద్ధి రేటు అంటూ ఇక్కడి కాలేజీ పిల్లలు పరీక్షల కోసం బట్టీ పట్టే మాటలన్నీ ఈ ఒక్క కర్మాగారం చరిత్రలో దొరుకుతాయి. అసలు ఆరు దశాబ్దాలుగా ప్లాంటు తలరాత మార్చిన మలుపుల్లో ఉక్కు మార్కెట్‌లో పుట్టినవి తక్కువ, ఢిల్లీ ఖజానాలో పుట్టినవే ఎక్కువ.

రెండో పంచవర్ష ప్రణాళికలో భిలాయ్, రూర్కెలా, దుర్గాపూర్‌లకు ప్రభుత్వ ఉక్కు కర్మాగారాలు వచ్చాయి. భారీ పరిశ్రమలు పెడితే మిగతా వృద్ధి దాని వెంటే వస్తుందన్నది అప్పటి ఆర్థిక ఆలోచన. తర్వాతి ప్లాంటుకు విశాఖే అనువైన చోటని బ్రిటిష్-అమెరికన్ నిపుణుల బృందం 1965లో తేల్చింది. కానీ అప్పటికి ఖజానా ఖాళీ. 1962లో చైనాతో, 1965లో పాకిస్తాన్‌తో యుద్ధాలు, ఆపైన తీవ్రమైన కరువు. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించారు. డాలరుకు 4.76 రూపాయలున్నది ఒక్కసారిగా 7.50 అయింది. నాలుగో ప్రణాళికను పక్కనబెట్టి మూడేళ్లు వార్షిక ప్రణాళికలతో నెట్టుకొచ్చారు. దీన్నే పాఠ్యపుస్తకాలు ‘ప్రణాళికా విరామం’ అంటాయి.

సరిగ్గా ఆ సమయంలోనే ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ నినాదం రాష్ట్రాన్ని ఊపేసింది. 1966 అక్టోబరులో ఉద్యమ నాయకుడు టి. అమృతరావు నిరాహార దీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. రాష్ట్రం మొత్తం మీద 32 మంది ప్రాణాలు కోల్పోయారని ఉద్యమకారుల లెక్క. విడ్డూరం ఏమిటంటే, విదేశీ మారకం కోసం ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని మన పోర్టు నుంచే జపాన్‌కు పంపడానికి కొత్తవలస-కిరండోల్ రైలు మార్గం వేస్తున్నది కూడా ఆ రోజుల్లోనే. ఖనిజం మన ఊరి మీదుగా వెళ్లి అక్కడ ఉక్కయ్యేది.

1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్లాంటు ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. తర్వాత పదేళ్ల పాటు చెప్పుకోదగ్గ కదలిక లేదు. ప్లాంటును నడిపే ప్రభుత్వ సంస్థ రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ లిమిటెడ్ ఏర్పడింది 1982లో. బడ్జెట్ నుంచి డబ్బు విడతలుగా, అరకొరగా రావడంతో పని ఏళ్ల తరబడి సాగుతూ పోయింది. పని ఆలస్యమైన కొద్దీ ఖర్చు పెరిగింది. అంచనా వ్యయం రెట్టింపు దాటింది. ఆలస్యానికి కూడా ధర ఉంటుందని, అది ఏ బడ్జెట్ పద్దులోనూ విడిగా కనిపించదని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. అరవైకి పైగా గ్రామాల వాళ్లు భూములిచ్చారు. నిర్వాసితులుగా వాళ్లకిచ్చిన పునరావాస కార్డులు (‘ఆర్ కార్డులు’), వాటికి రావలసిన ఉద్యోగాల గొడవ మరో పెద్ద కథ.

1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు ప్లాంటును జాతికి అంకితం చేశారు. అంతకు ఏడాది ముందే, 1991 జులై 24న, ఆయన ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్ ప్రవేశపెట్టిన బడ్జెట్‌తో ప్రభుత్వ రంగం గురించిన ఆలోచనే మారిపోయింది. విదేశీ మారక నిల్వలు కొన్ని వారాల దిగుమతులకు మించి లేవు. బంగారం కుదువపెట్టాల్సి వచ్చింది. ప్రభుత్వ సంస్థల వాటాలు అమ్మడం అప్పుడే మొదలైంది. ఆ తొలి ఏడాది 2,500 కోట్లు లక్ష్యంగా పెట్టుకుంటే 3,000 కోట్లకు పైగా వచ్చింది.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ప్రభుత్వం చేసే మొత్తం ఖర్చులోంచి, అప్పు కాని రాబడినంతా తీసేస్తే మిగిలేది ద్రవ్యలోటు. వాటాలు అమ్మితే వచ్చే డబ్బు అప్పు కాదు కాబట్టి, ఆ మేరకు లోటు తగ్గుతుంది. అదే ప్రభుత్వం ఒక సంస్థకు వాటా మూలధనం (యజమానిగా పెట్టే పెట్టుబడి) ఇస్తే అది మూలధన వ్యయం, అంటే ఆస్తుల మీద పెట్టే ఖర్చు, కింద పడి లోటు పెరుగుతుంది. అంటే ఆస్తి అమ్మిన ఏడాది లెక్క అందంగానూ, ఆస్తి మీద పెట్టిన ఏడాది వికారంగానూ కనిపిస్తుంది. పొలం అమ్మి ఇల్లు గడుపుకున్న ఏడాది అప్పు చేయనక్కర్లేదు, మరుసటి ఏడాది నుంచి కౌలు రాదు. అయితే ఆ పొలం ఏటా నష్టమే తెస్తుంటే లెక్క వేరు. స్టీల్‌ప్లాంటు మీద వాదన అంతా ఈ ‘అయితే’ దగ్గరే నడుస్తోంది.

విశాఖకు ఇది కొత్త అనుభవమూ కాదు. 2002లో హిందుస్తాన్ జింక్ ప్రైవేటు చేతికి వెళ్లింది. దాని విశాఖ స్మెల్టర్ (జింకు కరిగించి తీసే కర్మాగారం) 2012లో మూతపడింది.

2003లో ప్రభుత్వ లోటుకు కళ్లెం వేసే ఎఫ్ఆర్‌బీఎం (ద్రవ్య బాధ్యత, బడ్జెట్ నిర్వహణ) చట్టం వచ్చింది. ద్రవ్యలోటును జీడీపీలో 3 శాతానికి తేవాలన్నది దాని లక్ష్యం. కోవిడ్ ఏడాది 2020-21లో జీడీపీ 5.8 శాతం కుంగింది, ద్రవ్యలోటు 9.2 శాతానికి ఎగబాకింది. ఇందులో రెండు దెబ్బలున్నాయి. జీడీపీ తగ్గితే పన్నులు తగ్గి లోటు పెరుగుతుంది. పైగా శాతం లెక్కలో కింద ఉండే జీడీపీయే చిన్నదైపోతుంది. ఆ నేపథ్యంలో 2021 జనవరి 27న ప్లాంటులో కేంద్రం వాటా నూటికి నూరు శాతం ఉపసంహరించుకోవడానికి మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. అయిదు రోజుల తర్వాత వచ్చిన బడ్జెట్‌లో పెట్టుబడుల ఉపసంహరణ లక్ష్యం 1.75 లక్షల కోట్లు. చివరికి వచ్చింది 14 వేల కోట్ల లోపే. ప్లాంటు పక్కనే ఉన్న కూర్మన్నపాలెం కూడలిలో శిబిరం వేసి కార్మికులు రిలే దీక్షలు మొదలుపెట్టారు.

నష్టాల వల్లే అమ్ముతున్నారన్న మాట సగమే నిజం. 2021-22లో ఉక్కు ధరలు బాగుండటంతో ప్లాంటు 900 కోట్లకు పైగా నికర లాభం చూపింది. ఆ తర్వాతి రెండేళ్లూ మాత్రం వేల కోట్ల నష్టం. సామర్థ్యాన్ని 30 లక్షల టన్నుల నుంచి 73 లక్షల టన్నులకు పెంచడానికి చేసిన అప్పుల మీద వడ్డీ ఒక కారణం. సొంత ఇనుప గనులు లేకపోవడం ఇంకో కారణం. గనులున్న కంపెనీకి ఖనిజం తవ్వకం ఖర్చుకే దొరుకుతుంది, విశాఖ ప్లాంటు మాత్రం మార్కెట్ ధరకు కొనాలి. ఉక్కు ధర పడిపోయిన రోజున ఈ తేడా మొత్తం నష్టంగా మారుతుంది.

2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. అందులో 10,300 కోట్లు వాటా మూలధనం. మిగతా 1,140 కోట్లు కొత్త డబ్బు కాదు, వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ నడకకు తీసుకున్న) రుణాన్ని ప్రిఫరెన్స్ వాటాలుగా మార్చడమే. కాగా 2024 మార్చి నాటికే సంస్థ ఏడాదిలోపు తీర్చాల్సిన అప్పులు, బకాయిలు 26 వేల కోట్లు దాటాయి. కాబట్టి ప్యాకేజీతో వడ్డీ భారం కొంత తగ్గుతుంది, కానీ ఖనిజం ధర తగ్గదు. సొంత గనులు కేటాయించాలని, మరో ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్‌లో విలీనం చేయాలని కార్మిక సంఘాలు ఇప్పటికీ పట్టుబడుతున్నది అందుకే. ఈ రెండు కోర్కెలకూ బడ్జెట్ కేటాయింపుతో పనిలేదు, విధాన నిర్ణయం చాలు.