ఢిల్లీ అడగని ప్యారిస్ ప్రశ్న

ఢిల్లీ విమానాశ్రయంలో టెర్మినల్-1 ముందరి పైకప్పు 2024 జూన్ 28 తెల్లవారుజామున కూలి ఒక టాక్సీ డ్రైవర్ చనిపోయాడు. అది ఎవరి హయాంలో కట్టినదన్న దాని చుట్టూనే అప్పుడు వాదన తిరిగింది. ఆ ఏడాది మార్చిలో ప్రధాని ప్రారంభించిన భాగం కాదని, 2009లో తెరిచిన పాత భవనమని పౌరవిమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు చెప్పారు. ప్రారంభోత్సవం తేదీ తేలితే సరిపోతుందా? ఆ కప్పు లెక్కలు వేసింది ఎవరు, వాటిని సరిచూసింది ఎవరు? అంతకు ఇరవై ఏళ్ల ముందు ప్యారిస్‌ ఈ ప్రశ్న వేసుకోక తప్పలేదు.

2004 మే 23 ఉదయం ఏడు గంటల వేళ ప్యారిస్‌లోని షార్ల్ ద గోల్ విమానాశ్రయం 2-ఇ టెర్మినల్‌లో సుమారు 30 మీటర్ల కప్పు కూలింది. నలుగురు చనిపోయారు. ఆ టెర్మినల్ తెరిచి ఏడాదైనా నిండలేదు. లోపల ఒక్క స్తంభం అడ్డు రాకుండా సాగిన కాంక్రీటు గొట్టం అది. చూసినవారు అబ్బురపడ్డారు.

నా దృష్టిలో అసలు మలుపు కూలిన రోజున కాదు, అంతకు చాలా ముందే వచ్చింది. విమానాశ్రయ యజమాని ఏడీపీ (ప్యారిస్ విమానాశ్రయాల సంస్థ). డిజైన్, పనుల పర్యవేక్షణ కూడా దానివే. టెర్మినల్ గీసిన వాస్తుశిల్పి పాల్ ఆంద్రూ ఏళ్ల తరబడి ఆ సంస్థ ఉద్యోగే. గీసిన చేతినే దిద్దమంటే తప్పు ఎవరికి కనబడుతుంది? నిర్మాణ సమయంలోనే గొట్టాన్ని కింది నుంచి మోసే స్తంభాలు పగుళ్లిచ్చాయి. కార్బన్ ఫైబర్‌తో బలపరిచి పని కొనసాగించారు.

కాంక్రీటు పనిని కంపెనీలు సరిగా చేయలేదని ఆంద్రూ అన్నారు. ప్రమాదంపై విచారణ జరిపిన బెర్తియే కమిషన్ 2005 ఫిబ్రవరిలో ఇచ్చిన నివేదిక మాత్రం డిజైన్‌నే వేలెత్తి చూపింది. భద్రత కోసం మిగిల్చుకోవలసిన బలం ఆ కప్పులో చాలా తక్కువ. గొట్టం పొడవునా కంతలు. బయటి నుంచి ఆనిన ఉక్కు దండాలు కాంక్రీటులోకి చొచ్చుకుపోయాయి. ఒక చోట పట్టు తప్పితే ఆ బరువు మోయడానికి మరో దారి లేదు. ఆ ఉదయం చలికి ఉక్కు కుంచించుకోవడం చివరి దెబ్బ.

మిగిలిన గొట్టం నిలబడే ఉంది. అయినా 2005 మార్చిలో ఏడీపీ దాన్ని మొత్తంగా పడగొట్టాలని నిర్ణయించింది. 2008 మార్చిలో తిరిగి తెరిచినప్పుడు అక్కడున్నది ఉక్కు, గాజులతో కట్టిన మామూలు కప్పు.