గ్రాఫీన్ బ్యాటరీలో గ్రాఫీన్ ఎంత? పరమాణువు మందపు పొరల లెక్కలు

విజయవాడలోనో గుంటూరులోనో ఎలక్ట్రిక్ స్కూటర్ బేరానికి వెళ్తే "ఇది గ్రాఫీన్ బ్యాటరీ అండీ, మామూలుది కాదు" అన్న మాట ఎక్కడో ఒకచోట వినపడుతుంది. సీటు ఎత్తి చూడండి. 12 వోల్టుల డబ్బాలు ఐదింటిని వరసగా కలిపి 60 వోల్టులు చేసి ఉండి, ఒక్కో డబ్బా తొమ్మిది పది కిలోలు తూగుతుంటే అది లెడ్ యాసిడ్ బ్యాటరీయే. సీసం పలకల పేస్టులో కొద్దిగా గ్రాఫీన్ లాంటి కార్బన్ పొడి కలిపి ఉండొచ్చు. ఆ పొడి వల్ల మేలు లేకపోలేదు. నెగటివ్ పలక మీద సీసం సల్ఫేటు గట్టిపడడం తగ్గుతుంది, ఛార్జింగ్ కాస్త త్వరగా ఎక్కుతుంది. కానీ కరెంటును దాచుకునేది సీసమే. 60 వోల్టులు, 30 ఆంపియర్ అవర్లు అంటే 1800 వాట్ అవర్లు. కిలోకు 35 నుంచి 40 వాట్ అవర్లు ఇచ్చే సీసంతో దానికి 45 నుంచి 50 కిలోలు కావాలి. కిలోకు 150 ఇచ్చే లిథియం ప్యాకుకు 12 కిలోలు చాలు. స్టిక్కర్ చదివేకన్నా తూకం వేసి చూడడం మేలు.

గ్రాఫీన్ అంటే కార్బన్ పరమాణువులు తేనెపట్టు గళ్లలా అల్లుకున్న ఒకే ఒక్క పొర. ఇలాంటి పొరలు 0.335 నానోమీటర్ల ఎడంతో పేరుకుంటే అది గ్రాఫైటు, మన పెన్సిల్ ములుకు. ఒక మిల్లీమీటరు గ్రాఫైటులో దాదాపు 30 లక్షల పొరలుంటాయి. అదేమీ అరుదైన పదార్థం కాదు. తూర్పు కనుమల ఖొండలైట్ రాళ్లలో గార్నెట్, సిల్లిమనైట్‌తో పాటు గ్రాఫైటు రేకులు మామూలుగా కనిపిస్తాయి. 2004లో మాంచెస్టర్‌లో ఆండ్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలోవ్ అంటుకునే టేపుతో గ్రాఫైటు నుంచి ఒక్క పొరను ఒలిచి, దాని విద్యుత్ గుణాలను కొలిచారు. 2010లో వారికి భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది.

పొరను విడదీస్తే లోపల దాగిన ప్రతి పరమాణువూ ఉపరితలం మీదికి వస్తుంది. ఒక గ్రాము గ్రాఫీన్‌కు రెండు వైపులా కలిపి 2630 చదరపు మీటర్ల ఉపరితలం. మన భూమి లెక్కలో సరిగ్గా 65 సెంట్లు! ద్రవంలోని అయాన్లు ఆ ఉపరితలాన్ని ఆనుకుని నిలిస్తే చదరపు సెంటీమీటరుకు 21 మైక్రోఫ్యారడ్ల దాకా కెపాసిటీ వస్తుంది (ఒక వోల్టుకు ఎంత ఛార్జి నిలుస్తుందో చెప్పే కొలత ఫ్యారడ్). గుణించి చూస్తే గ్రాముకు 550 ఫ్యారడ్లు. ఇలా ఉపరితలం మీదే ఛార్జిని దాచుకునే సూపర్ కెపాసిటర్ల మీద ఇంత ఆశ పుట్టింది ఈ లెక్కతోనే.

ల్యాబులో మాత్రం 100 నుంచి 250 దగ్గరే ఆగిపోతుంది. ద్రవంలో విడివిడిగా తేలే పొరలు ఆరబెట్టగానే తడి అప్పడాల్లా ఒకదానికొకటి అతుక్కుంటాయి. అతుక్కున్న చోటికి అయాను వెళ్లలేదు. 65 సెంట్లలో చాలాసార్లు పది పదిహేను సెంట్లే చేతికొస్తాయి. నీళ్లను గడ్డకట్టించి ఆ మంచును ఆవిరిగా లాగేస్తే, లేదా మధ్యలో కార్బన్ నానోగొట్టాలు పెడితే పొరల మధ్య ఎడం నిలుస్తుంది. అయితే అప్పుడు ఎలక్ట్రోడ్ దూదిలా పొంగుతుంది, లీటరుకు వచ్చే శక్తి పడిపోతుంది. పొరను పుట్టించే పద్ధతులు ఇప్పుడు చాలానే ఉన్నాయి. దాన్ని పొరగా నిలబెట్టడమే ఈ రంగంలో అసలు పని.

వడ్డేశ్వరం నుంచి వడ్లమూడి దాకా కాలేజీ ల్యాబుల్లో ఈ పని మొదలుపెట్టేవాళ్లు ముందుగా చేసేది గ్రాఫీన్ ఆక్సైడ్, అంటే ఆక్సిజన్ పట్టించిన గ్రాఫీన్. 2010లో వచ్చిన మెరుగైన పద్ధతిలో కొలతలు ఇవి: గ్రాఫైటు 3 గ్రాములు, పొటాషియం పర్మాంగనేట్ 18 గ్రాములు, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 360 మిల్లీలీటర్లు, ఫాస్ఫారిక్ ఆమ్లం 40 మిల్లీలీటర్లు. 50 డిగ్రీల దగ్గర 12 గంటలు కలియబెట్టి, చల్లార్చి, సుమారు 400 మిల్లీలీటర్ల మంచు మీద పోసి, 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 3 మిల్లీలీటర్లు వేస్తే ద్రావణం పసుపు రంగుకు తిరుగుతుంది. ప్రమాదమంతా పర్మాంగనేట్ వేసే దగ్గర ఉంది. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో అది మాంగనీస్ హెప్టాక్సైడ్ అవుతుంది. 55 డిగ్రీలు దాటితే అది పేలగలదు. పరిశోధన పత్రంలో "గది ఉష్ణోగ్రత" అని ఉంటే దాని అర్థం 25 డిగ్రీలు. మే నెలలో ఏసీ లేని బెజవాడ ల్యాబు 40 దగ్గర ఉంటుంది. అందుకని మంచు తొట్టి ముందే సిద్ధం చేసుకుని, థర్మామీటరు ద్రావణంలోనే ఉంచి, పర్మాంగనేట్‌ను చెంచాడు చెంచాడుగా వెయ్యాలి. ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటికి లాగేసే గూడు), ముఖానికి షీల్డు లేకుండా దీని జోలికి వెళ్లకూడదు.

తర్వాతి చిక్కు కడగడంలో వస్తుంది. ఆమ్లం పోయేకొద్దీ గ్రాఫీన్ ఆక్సైడ్ జిగురులా ఉబ్బి వడపోత కాగితం రంధ్రాలన్నీ మూసేస్తుంది. నేరుగా నీళ్లతో మొదలుపెట్టకుండా ముందు పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో మాంగనీస్, పొటాషియం లవణాలను వదిలించి, తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో నీళ్లతో కడగాలి. పొటాషియం మిగిలిపోతే ఎండిన పొడి తేలిగ్గా అంటుకుంటుంది. అందుకే ఎండిన గ్రాఫీన్ ఆక్సైడ్‌ను మూత బిగించిన పాత్రలో వేడి చేయకూడదు.

ఈ పలుచని పొరల కుటుంబంలో మరో ముఖ్యమైన పదార్థం ఎంఎక్సీన్. 2011లో ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. టైటానియం, అల్యూమినియం, కార్బన్ పొరలు పొరలుగా ఉన్న పొడిలోంచి అల్యూమినియాన్ని మాత్రం కరిగించేస్తే టైటానియం కార్బైడ్ పొరలు మిగులుతాయి. 9 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 20 మిల్లీలీటర్లలో లిథియం ఫ్లోరైడ్ 1.6 గ్రాములు కరిగించి, పొడి ఒక గ్రామును నెమ్మదిగా వేసి, 35 డిగ్రీల దగ్గర 24 గంటలు కలుపుతారు. సీసాలోనే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం తయారవుతుంది కాబట్టి గాజు పనికిరాదు, టెఫ్లానో పాలీప్రొపిలీనో కావాలి. హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి మూత బిగించకూడదు. ఆ హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చర్మం మీద పడితే మొదట్లో నొప్పి తెలియకపోవచ్చు, లోపల మాత్రం ఎముక దాకా పాకుతుంది. దానికి విరుగుడైన కాల్షియం గ్లూకొనేట్ జెల్ చేతికందేలా పెట్టుకున్నాకే సీసా తెరవాలి. పీహెచ్ 6 వచ్చేదాకా కడిగి, గట్టిగా కుదిపితే ముదురాకుపచ్చ ద్రావణం వస్తుంది.

ఆ రంగే దాని ఆరోగ్యానికి గుర్తు. నీళ్లు, ఆక్సిజన్ కలిసి దాన్ని మెల్లగా టైటానియం డైఆక్సైడ్‌గా మార్చేస్తాయి. రంగు వెలిసి, తెల్లగా మబ్బు కమ్మినట్టయితే ఇక అది పారబోయాల్సిందే. ఎండాకాలంలో బల్ల మీద వదిలేస్తే కొద్ది రోజుల్లోనే పాడవుతుంది. ఆర్గాన్ నింపి ఫ్రిజ్‌లో పెడితే ఎక్కువ కాలం నిలుస్తుంది. ఈ శ్రమకు ఫలితం పెద్దదే. 2014లో ఎంఎక్సీన్ పొర ఘన సెంటీమీటరుకు 900 ఫ్యారడ్లు ఇచ్చింది. తక్కువ చోటులో ఎక్కువ ఛార్జి కావలసిన చిన్న పరికరాలకు గ్రాఫీన్ కన్నా ఇదే నప్పుతుంది.

ఫ్యారడ్ల అంకెను ఎలా చదవాలో చెప్పుకోకపోతే ఇదంతా వృథా. "గ్రాముకు 200 ఫ్యారడ్లు" అన్నది ఒక్క ఎలక్ట్రోడ్ లెక్క. సెల్లులో రెండు ఎలక్ట్రోడ్లు వరసగా కలుస్తాయి కాబట్టి కెపాసిటీ సగమవుతుంది, బరువు రెట్టింపవుతుంది. మిగిలేది గ్రాముకు 50. నీటి ఎలక్ట్రోలైట్‌లో ఒక వోల్టు దగ్గర అది కిలోకు 7 వాట్ అవర్లు. రేకులు, ద్రవం, సెపరేటర్, డబ్బా బరువు కలిపితే దాంట్లో నాలుగో వంతు, అంటే రెండు కూడా ఉండదు. శక్తి వోల్టేజి వర్గంతో పెరుగుతుంది కాబట్టే మార్కెట్లో దొరికే సెల్లులు 2.7 వోల్టుల సేంద్రియ ద్రవాలు వాడి కిలోకు 5 నుంచి 10 వాట్ అవర్లు అందుకుంటున్నాయి. మరో మెలిక కూడా ఉంది. చదరపు సెంటీమీటరుకు ఒక మిల్లీగ్రాము పూసి కొలిచిన అంకె, అమ్మకానికి తయారయ్యే పది మిల్లీగ్రాముల పూతలో నిలవదు. పత్రంలో పూత మందం ఇవ్వకపోతే ఆ అంకెను నేనైతే పట్టించుకోను.

లిథియం బ్యాటరీలో గ్రాఫీన్ ఒంటరిగా యానోడ్‌గా సరిపోదు. గ్రాఫైటు గ్రాముకు 372 మిల్లీఆంపియర్ అవర్లు దాచుకుంటుంది. గ్రాఫీన్‌కు ఉపరితలం విపరీతం కాబట్టి మొదటి ఛార్జింగ్‌లోనే దాని మీద ఏర్పడే పొర చాలా లిథియాన్ని మింగేస్తుంది, అది మళ్లీ తిరిగి రాదు. దాని అసలు చోటు సహాయకుడిగా. ఎలక్ట్రోడ్‌లో ఒక శాతం లోపు కలిపితే కణాలన్నిటికీ కరెంటు దారి దొరుకుతుంది. మోతాదు మించితే అడ్డంగా పరుచుకున్న పొరలు లిథియం అయాన్ల దారినే మూసేస్తాయి.

చిప్పుల్లో కథ వేరు. గ్రాఫీన్‌లో ఎలక్ట్రాన్లు మహావేగంగా పరుగెత్తుతాయి గానీ దానికి బ్యాండ్ గ్యాప్ (కరెంటును ఆపగలిగే శక్తి ఎడం) లేదు, అందుకని దాంతో చేసిన స్విచ్ పూర్తిగా ఆగదు. మాలిబ్డినం డైసల్ఫైడ్ ఒక్క పొరకు దాదాపు 1.8 ఎలక్ట్రాన్ వోల్టుల గ్యాప్ ఉంది. 2011లో స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో దాంతో చేసిన ట్రాన్సిస్టర్‌లో వెలిగినప్పటి కరెంటు, ఆరినప్పటి దానికి పది కోట్ల రెట్లు. సిలికాన్‌ను మూడు నాలుగు నానోమీటర్ల కన్నా పలుచన చేస్తే గరుకు అంచులకు తగిలి ఎలక్ట్రాన్ల వేగం పడిపోతుంది. మాలిబ్డినం డైసల్ఫైడ్ 0.65 నానోమీటర్ల దగ్గర కూడా నున్నగానే ఉంటుంది.

ఇక్కడ కూడా పని చెడేది ఉపరితలం దగ్గరే. పొర మీద లోహాన్ని ఆవిరిగా పోస్తే ఆ తాకిడికి కింది పరమాణువులు చెదిరి, కాంటాక్టు (లోహం, పొర కలిసే చోటు) దగ్గర కరెంటుకు అడ్డు పెరిగిపోతుంది. 2021లో బిస్మత్ వాడి ఆ నిరోధాన్ని 123 ఓమ్ మైక్రోమీటర్లకు దించారు. చిక్కేమిటంటే బిస్మత్ 271 డిగ్రీలకే కరుగుతుంది, చిప్పు తయారీలో తర్వాతి దశలు 400 దాకా వెళ్తాయి. 631 డిగ్రీల దాకా కరగని ఆంటిమొనీ వైపు పరిశోధకులు మళ్లింది అందుకే.