పన్నెండు సీసాల ప్రయోగం

కొలెస్ట్రాల్ మాత్ర మొదలుపెట్టిన కొద్దిరోజులకే పిక్కలు పట్టేస్తున్నాయనీ, ఒళ్ళంతా పీకుతోందనీ చాలామంది మానేస్తారు. "అదంతా మీ భ్రమ" అని ఒక డాక్టరు కొట్టిపారేస్తే, "ఇంగ్లీషు మందులతో అంతే" అని చుట్టాలు వంత పాడతారు. లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు ఇద్దరి మాటా పక్కన పెట్టి, లెక్క రాసే పని రోగులకే అప్పగించారు.

సామ్‌సన్ అనే ఆ ప్రయోగంలో 60 మంది పాల్గొన్నారు. అందరూ స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) మొదలుపెట్టిన రెండు వారాల్లోపే బాధలు వచ్చి, మందు మానేసినవాళ్ళే. ఒక్కొక్కరికి నెలకొకటి చొప్పున 12 సీసాలు. నాలుగింటిలో 20 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్ అనే స్టాటిన్, నాలుగింటిలో అచ్చం అలాగే కనిపించే, మందు లేని ఉత్త మాత్రలు, మిగతా నాలుగూ ఖాళీ. ఏ నెల ఏ సీసా అన్నదానికి వరుస లేదు. రోజూ ఫోన్లో బాధకు సున్నా నుంచి 100 దాకా మార్కు వేయాలి.

ఫలితాలు 2020 నవంబరులో వచ్చాయి. ఖాళీ సీసా నెలల్లో సగటు మార్కు 8. స్టాటిన్ నెలల్లో 16.3. ఉత్త మాత్రల నెలల్లో 15.4!

ఇందులో అసలు తెలివంతా ఖాళీ సీసాలదే అనిపిస్తుంది నాకు. అవి లేకపోతే మందుకీ ఉత్త మాత్రకీ పెద్ద తేడా లేదని మాత్రమే తెలిసేది, ఏదో ఒక మాత్ర మింగడంతోనే బాధ దాదాపు రెట్టింపవుతోందని తెలిసేది కాదు. పెరిగిన బాధలో 90 శాతం ఉత్త మాత్రతోనూ వచ్చింది. కీడు జరుగుతుందన్న ఎదురుచూపే ఒంట్లో బాధగా మారడాన్ని నొసీబో అంటారు. అలాగని అది నటన కాదు. భరించలేక మాత్రలు మధ్యలో ఆపేసిన సందర్భాలు 71 ఉంటే, వాటిలో 31 ఉత్త మాత్రల నెలల్లోవే. "మానగానే తగ్గింది, కాబట్టి మందుదే తప్పు" అనే వాదనకూ ఇక్కడే గండి పడింది. ఉత్త మాత్ర ఆపినా అలాగే తగ్గింది మరి.

ఎవరి లెక్కలు వాళ్ళకు చూపించాక, ఆరు నెలలకు 60 మందిలో 30 మంది మళ్ళీ స్టాటిన్ మొదలుపెట్టారు. డాక్టరు గదమాయింపుతో ఇది జరిగేదా?

అయితే 60 మందిలో అరుదైన ప్రమాదాలు బయటపడవు. లక్షకు పైగా మంది వివరాలను కలిపి చూసిన 2022 నాటి విశ్లేషణలో కండరాల బాధలు చెప్పినవారు స్టాటిన్ వాడినవాళ్ళలో 27.1 శాతం, ఉత్త మాత్ర వాడినవాళ్ళలో 26.6 శాతం. తేడా చిన్నదే, కానీ ఉంది. బహు అరుదుగా కండరం కరిగి కిడ్నీలు దెబ్బతింటాయి. సెరివాస్టాటిన్ అనే స్టాటిన్‌ను 2001లో మార్కెట్ నుంచి తీసేసింది అందుకే. సింవాస్టాటిన్ అనే మరో స్టాటిన్ వాడేవారికి క్లారిత్రోమైసిన్ యాంటీబయాటిక్ తోడైనా ఈ ముప్పు పెరుగుతుంది. మూత్రం టీ డికాషన్ రంగులోకి మారినా, కండరాల నొప్పితో కాళ్ళూ చేతులూ పట్టు తప్పినా నొసీబో అనుకుని కూర్చోకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

మామూలు పీకులకైతే, కండరాలు దెబ్బతిన్నాయేమో చూపే సీకే రక్తపరీక్షతో పాటు థైరాయిడ్ కూడా చూడమని అడగండి. థైరాయిడ్ మందగిస్తే కొలెస్ట్రాల్ పెరుగుతుంది, కండరాలూ నొప్పెడతాయి. దానికి చికిత్స చేస్తే కొందరిలో నొప్పులు తగ్గడమే కాదు, కొలెస్ట్రాల్ కూడా దిగివస్తుంది.