రెండు రకాల నువ్వు

అధికారి ఎవరో ఓ ముసలాయన్ని 'ఏందిరా' అన్న వీడియో బయటపడ్డప్పుడల్లా ఒకే జవాబు వస్తుంది: తెలంగాణ యాసలో 'మీరు' తక్కువ, మాది ప్రేమతో పిలిచే 'నువ్వు'. ఈమధ్య బయటపడ్డ ఇలాంటి వీడియోకూ అదే నడుస్తోంది. అందులో సగం నిజం ఉంది. ఇక్కడ కొడుకు తండ్రిని నువ్వు అంటాడు, 'అన్నా, నువ్వు చెప్పు' అంటే ఎవరూ నొచ్చుకోరు. మిగతా సగం తేలాలంటే ఆ ముసలాయన తిరిగి అధికారిని నువ్వు అనగలడా అని అడగాలి.

నిజాం కాలం, వెట్టి, 1946లో దొర మనుషుల కాల్పుల్లో చనిపోయిన దొడ్డి కొమరయ్య, ఇవన్నీ తెలిసినవే, మళ్లీ చెప్పను. 'నీ కాల్మొక్త బాంచెన్' (నీ కాళ్లు మొక్కుతా, నీ బానిసను) అన్న మాట ఆనాటి తెలంగాణ సాయుధ పోరాటంతోనే చచ్చిపోయిందని చాలామంది అనుకుంటారు. చావలేదు. 1948లో పోలీసు చర్య తర్వాత, సంఘానికి (ఆ పోరాటం నడిపిన ఆంధ్రమహాసభకు) భయపడి పట్నం పోయిన దొరలు తిరిగి ఊళ్లకొచ్చారు. 1949లో జాగీర్లు రద్దయినా చాలాచోట్ల గడీలో, అంటే దొర ఉండే కోటలాంటి ఇంట్లో, ఉన్నది వాళ్లే, పటేల్ పట్వారీ పదవుల్లోనూ, తర్వాత పంచాయతీ సమితుల్లోనూ వాళ్ల మనుషులే.

నా లెక్కలో అసలు మలుపు 1978, కరీంనగర్ జిల్లా. అప్పటిదాకా ఊళ్లలో పిలుపు ఎలా ఉండేదంటే, మల్లయ్య అని పేరున్న మనిషి గడీకి మల్లిగాడు, యాభై ఏళ్లు దాటినా సరే దొర ఇంట్లో పదేళ్ల పిల్లాడు అతన్ని 'అరేయ్' అంటాడు, అతను మాత్రం చెప్పులు చేతపట్టుకుని ఆ పిల్లాణ్ని 'చిన్నదొరా' అనాలి. గాడుకీ గారుకీ తేడా ఒక్క అక్షరమే, దాన్ని దాటడానికే తరాలు పట్టింది. రైతుకూలీ సంఘాలు వచ్చాక జీతగాళ్లు కూలి పెంచమన్నారు, దొరలు ఆక్రమించిన బంజర్లు అడిగారు, వెట్టి ఇక చెయ్యబోమన్నారు. కొన్ని ఊళ్లలో చాకలి, మంగలి పనులు బంద్ చేసి దొరనే వెలేశారు. సెప్టెంబర్‌లో వేలమంది జగిత్యాలకు ఊరేగింపుగా వచ్చారు, దాన్నే జైత్రయాత్ర అంటారు. కూలి, భూమి గురించి చాలా రాశారు కానీ దొర ముందు నిలబడే తీరు, మాట్లాడే తీరు మారడం నాకు వాటికంటే చిన్న విషయంగా కనిపించదు.

ఈ పోరాటం నడిపిన నక్సలైట్లను ఊళ్లు 'అన్నలు' అన్నాయి. అన్న అని పిలిచాక నువ్వు అనడం రెండువైపులా చెల్లుతుంది. ఈరోజు యాస పేరుతో సమర్థించుకునేవాళ్లు అన్న తెచ్చిన నువ్వును చూపించి గడీ నువ్వును వాడుకుంటున్నారు. ఆ 1978లోనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. దొర ఊరు విడిచిన చోటికి పోలీసులు వచ్చారు, 'అరేయ్' గడీ నుంచి ఠాణాకు మారింది.

అధికారుల వైపు వాదన కూడా ఉంది: పని ఒత్తిడి, రోజంతా జనం, నోరు జారుతుంది. సరే, అదే ఒత్తిడిలో ఎమ్మెల్యే ఫోన్ చేస్తే 'సార్' అనడం మాత్రం ఎవరూ మర్చిపోరు. కేరళ హైకోర్టు 2021లో పోలీసులు జనాన్ని 'ఎడా', 'ఎడీ', 'నీ' (మన ఒరేయ్, ఒసేయ్, నువ్వు లాంటివి) అని పిలవొద్దని చెప్పింది. అవీ ఇళ్లల్లో రోజూ వాడే మాటలే.

రాసేవాళ్లం మేమూ తక్కువ తినలేదు. కలెక్టర్ 'చెప్పారు', రైతు 'చెప్పాడు', కూలీ 'చెప్పింది'. పేపర్ తిరగేస్తే ఎవరెంత ఎత్తులో ఉన్నారో క్రియాపదమే చెప్పేస్తుంది.

ఇక కలెక్టరేట్లలో జనం తమ గోడు చెప్పుకునే సోమవారం ప్రజావాణి. అక్కడికొచ్చే దరఖాస్తుల్లో కొన్ని ఇప్పటికీ 'మహారాజశ్రీ కలెక్టర్ గారి దివ్యసముఖమునకు' అనే మొదలవుతాయి, రాసిపెట్టేవాళ్లకు ఆ పద్ధతే తెలుసు. ఆ కాగితం అందుకుని బల్ల అవతలి మనిషి 'ఏం కావాల్రా' అంటే అది ఏ జిల్లా యాసో సమర్థించేవాళ్లే చెప్పాలి.