“మా మాటలు అచ్చుకు పనికిరావు మేడమ్”: కథలు రాయడంపై అపోహలు, వాస్తవాలు

ఒంగోలులో కొత్త రచయితలకు కథా కార్యశాల నడుపుతూ పదకొండేళ్లయింది. పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్లు, దళితవాడల పిల్లలు కాగితం నా చేతికి ఇస్తూనే సంజాయిషీ చెప్పుకుంటారు. “మా మాటలు అచ్చుకు పనికిరావు మేడమ్, మీరే దిద్దండి.” అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే.

ఈ మధ్య కందుకూరు వైపు నుంచి ఒకామె వచ్చింది. ఇరవై ఏళ్లు పొగాకు గ్రేడింగులో పనిచేసిన మనిషి. ఆమె కథలో “శ్రమజీవి హస్తములు మలినమైనవి” అని ఉంది. అంటే ఏమిటమ్మా అని అడిగాను. “ఆకు జిగురు సబ్బుకు పోదు మేడమ్. రాత్రి అన్నం కలిపితే ముద్ద చేదు. నేను పెడితే మా పిల్ల తినేది కాదు, నాయనమ్మ దగ్గరికి పోయేది” అంది. ఇంత కథ నోట్లో పెట్టుకుని, కాగితం మీద హస్తములు రాసింది! సాహిత్యమంటే అలాగే ఉండాలని ఎవరో చెప్పారట. ఆ చెప్పినవారి మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు.

గూఢ పదాలతో కూర్చిన కావ్యం మూగ, చెవిటివారి ముచ్చట అవుతుందని మొల్ల తన రామాయణం మొదట్లోనే చెప్పింది. కుమ్మరింటి ఆడబిడ్డ ఎన్నడో తేల్చిన సంగతి ఇది. అలాగని యాసలో రాస్తేనే అణగారినవారి సాహిత్యమన్న మాటా తప్పే. అంటరానితనం బాధను జాషువా 1941లో ‘గబ్బిలం’ పద్యాల్లోనే రాశారు. ఏ భాషలో రాయాలో మీ ఇష్టం, భయపడి మాత్రం ఎంచుకోవద్దు.

ఆడవాళ్లు ఈ మధ్యే కథలు మొదలుపెట్టారనేవారికి ఒక్క మాట: భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902 నాటిది, తెలుగులో తొలి కథగా చాలామంది చెప్పే గురజాడ ‘దిద్దుబాటు’ 1910 నాటిది.

కథతో ఏం మారుతుందని అడిగేవారు నెల్లూరు జిల్లా దూబగుంటను గుర్తు తెచ్చుకోవాలి. అక్షరాస్యతా వాచకంలో సారా గురించిన సీతమ్మ కథ, అప్పుడే అక్షరాలు నేర్చిన ఆడవాళ్లను కదిలించింది. 1992లో వాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. పాఠం ఒక్కటే ఇదంతా చేసిందనను. కూలి డబ్బు సారాకు పోతున్న కడుపుమంట అంతకుముందే ఉంది.

పేరు బయటపడితే ఊళ్లో గొడవవుతుందన్న భయం మాత్రం అపోహ కాదు. ఆ భయంతో వచ్చినవారిని నేను ఎన్నడూ తొందరపెట్టలేదు. ఊరి పేరు మార్చండి, కలం పేరు పెట్టుకోండి. అందులో పిరికితనమేమీ లేదు.

కందుకూరు ఆమె కథ తిరగరాసింది. మొదటి వాక్యంలోనే చేదు ముద్ద ఉంది. డిగ్రీ చదువుతున్న కూతురే టైపు చేసిపెట్టింది. ఒకచోట ‘ముద్ద’ను ‘కబళం’ చేసిందట. తల్లి ఒప్పుకోలేదు, పక్కన కూర్చుని మళ్లీ ముద్దే పెట్టించింది.